రాసినవారికి జవాబివ్వండి, రాతకు డబ్బివ్వండి: తెలుగు పత్రికల సంపాదకులకు, యాజమాన్యాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంపాదకులకు, పత్రికల యజమానులకు నమస్కారం.

కథలు, వ్యాసాలు, పిల్లల రచనలు రాసి మీకు పంపేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. పగలు ఖమ్మంలో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్తాను, రాత్రిళ్ళు రాసుకుంటాను. ఈ లేఖలో ఉన్న విషయాలేవీ మీకు కొత్త కావు. పోయినేడాది మేం కొంతమంది రచయితలం మీలో చాలామందికి విడివిడిగా ఉత్తరాలు రాశాం, ఈమెయిళ్ళు పంపాం. పుస్తక ప్రదర్శనల్లో కనిపించిన సంపాదకులను ఆపి మాట్లాడాం. "చూద్దాం అమ్మా" అన్నవారున్నారు, "ఈ రోజుల్లో కథ వేయడమే ఎక్కువ" అన్నవారూ ఉన్నారు. కాగితం మీద మాత్రం ఒక్క జవాబూ రాలేదు. అందుకే ఇప్పుడు పాఠకుల ముందే అడుగుతున్నాం.

మీ ఇబ్బందులు మాకు తెలియనివి కావు. న్యూస్‌ప్రింట్ ధర పెరిగింది, ప్రకటనల డబ్బు ఫోన్లలోకి పోయింది. కరోనా దెబ్బకు ఎన్నో పత్రికలు మూతపడ్డాయి. 2021లో విపుల, చతుర మాసపత్రికలు ఆగిపోయినప్పుడు మా ఇళ్ళల్లో మనిషి పోయినంత పనైంది. ఇంత కష్టకాలంలోనూ కథకు చోటిస్తున్న మీ మీద మాకు గౌరవం ఉంది. కొన్ని పత్రికలు ఇప్పటికీ ఠంచనుగా పారితోషికం పంపుతున్నాయి, వారికి కృతజ్ఞతలు. మిగతా వారితోనే మా మాట.

కాగితం అమ్మినవారికి డబ్బివ్వకుండా, ప్రెస్సుకు బిల్లు కట్టకుండా, ఏజెంటుకు కమీషన్ ఇవ్వకుండా ఒక్క సంచికా బయటికి రాదు. పేజీలు పెట్టే డీటీపీ ఆపరేటర్‌కు నెల తిరిగేసరికి జీతం ఇవ్వాల్సిందే. పాఠకుడు ఆ సంచిక కొనేది చదవడానికి. చదవడానికి అందులో ఏముందో అది రాసినవాళ్ళకు మాత్రం ఎప్పుడిస్తారో, ఎంతిస్తారో, అసలు ఇస్తారో లేదో తెలియదు. దీనివల్ల ఎవరికి ఏం జరుగుతోందో వరసగా చెప్తాను.

1. పంపిన రచన ఏమైందో తెలియదు.

కథ పంపేటప్పుడు మీరు హామీపత్రం అడుగుతారు. ఇది నా సొంత రచన, దేనికీ అనుసరణ కాదు, అనువాదం కాదు, ఇంతకుముందు ఎక్కడా అచ్చు కాలేదు, ప్రస్తుతం మరే పత్రిక పరిశీలనలోనూ లేదు అని సంతకం పెట్టి పంపుతాం. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ సంతకంతో మా కథ మీ దగ్గర తాకట్టు పడ్డట్టే. మీరు తీసుకున్నామని చెప్పరు, వద్దని చెప్పరు. "ఎంపిక కాని రచనల గురించి ఉత్తర ప్రత్యుత్తరాలు జరపబోము" అన్న ఒక్క వాక్యం సంచిక చివర వేసి ఊరుకుంటారు. మూడు నెలలు ఆగాలా, ఆరు నెలలా, ఏడాదా? ఉగాదికి పనికొచ్చే కథ పంపితే దసరా దాటినా అతీగతీ ఉండదు. ఆ కథ ఇంకొకరికి పంపే వీలు లేదు.

పోస్టు రోజుల్లో తగినన్ని స్టాంపులు అంటించి తిరుగు కవరు జతచేసేవాళ్ళం. "మీ రచనను ప్రచురించలేకపోతున్నందుకు విచారిస్తున్నాం" అన్న అచ్చు చీటీతో కథ వెనక్కి వచ్చేది. బాధగానే ఉండేది, కానీ తేలిపోయేది. ఆ కథనే తిరగరాసి మరో పత్రికకు పంపుకునేవాళ్ళం. ఈమెయిల్ వచ్చాక జవాబుకు పైసా ఖర్చు లేదు, జవాబూ లేదు.

ఎదురుచూసి విసిగి ఇంకోచోటికి పంపితే ఇంకో చిక్కు. మొదటి పత్రికవారు ఏడాది తర్వాత చెప్పాపెట్టకుండా వేసేస్తారు, రెండో పత్రికలోనూ అప్పటికే వచ్చి ఉంటుంది. అప్పుడు రచయిత మోసగాడు అవుతాడు, రెండు పత్రికలూ ఆ పేరును పక్కన పెట్టేస్తాయి. కొత్తగా రాస్తున్న పిల్లలకు ఈ టెన్షన్ మరీ ఎక్కువ. డిగ్రీ చదివే ఒక అమ్మాయి తన కథ అచ్చయిన సంగతి, వేరే ఊళ్ళో ఉన్న మేనత్త వాట్సాప్‌లో పేజీ ఫోటో పంపితే తెలుసుకుంది. వాళ్ళ ఊరికి ఆ పత్రిక రాదు. ఒక కాపీ పంపమని రాస్తే దానికీ జవాబు లేదు.

2. చేసిన పనికి డబ్బు రాదు.

ఇది అన్నిటికంటే పెద్ద సంగతి.

కరీంనగర్ జిల్లాలో నాకొక స్నేహితురాలు ఉంది, ఇంట్లో మిషన్ కుడుతుంది. లైనింగ్ జాకెట్ కుడితే ఆమెకు 300 రూపాయలు వస్తాయి, ఆ డబ్బు జాకెట్ తీసుకెళ్ళేటప్పుడే ఫోన్‌పే చేస్తారు. ఆమె కథలు రాస్తుంది. బీడీ కంపెనీకి ఆకు కోసుకొచ్చే అమ్మమ్మల గురించి, గల్ఫ్ నుంచి శవపేటికలో తిరిగొచ్చిన మొగుళ్ళ గురించి, ఆమె రాసినట్టు నేను రాయలేను. ఒక కథ తయారు కావడానికి ఆమెకు కొన్ని వారాల సాయంత్రాలు పడతాయి. ఆ సాయంత్రాలు కుట్టుకు పెట్టుకుంటే ఎంత వచ్చేదో ఆమెకు రూపాయితో సహా తెలుసు, ఇంట్లో వాళ్ళకీ తెలుసు. పోయిన ఏడాది ఆమె కథ ఒక ఆదివారం అనుబంధంలో వచ్చింది. బొమ్మతో సహా పేజీ నిండా వేశారు. పారితోషికం గురించి ఫోన్ చేస్తే అకౌంట్స్ వాళ్ళను అడగమన్నారు. వాళ్ళేమో సంపాదకుల డెస్కు నుంచి లిస్టు రాలేదన్నారు. బ్యాంకు వివరాలు, పాన్ కార్డు కాపీ, క్యాన్సిల్ చేసిన చెక్కు అన్నీ పంపింది. డబ్బు రాలేదు. మళ్ళీ అడగడానికి ఆమెకు మొహమాటం. "అడిగితే ఇంకో కథ వేయరేమో అక్కా" అంటుంది. ఇప్పుడు సాయంత్రాలు జాకెట్లే కుడుతోంది.

"రాయడం హాబీ కదా, డబ్బెందుకు?" అని మీలో కొందరు మొహం మీదే అడిగారు. హాబీగా రాసుకునేవారు ఉన్నారు. ఉద్యోగం నుంచి రిటైరై పెన్షన్ వచ్చేవారు, అమెరికాలో స్థిరపడి తెలుగు మీద ప్రేమతో రాసేవారు డబ్బు వద్దనుకోవచ్చు. అది వారి ఇష్టం, వారి కథలు మేమూ ఇష్టంగా చదువుతాం. కానీ వారికి అక్కర్లేదు కాబట్టి ఎవరికీ ఇవ్వక్కర్లేదు అనడం న్యాయం కాదు. ఉచితంగా పాడేవారున్నారని కచేరీలో పక్కవాద్యం వాయించినవారికి డబ్బు ఎగ్గొట్టరు కదా.

తెలుగులో రాత మీద బతకడం ఎప్పుడూ సులువు కాలేదన్నదీ నిజమే. కొడవటిగంటి కుటుంబరావు గారంతటి రచయితకు కూడా 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆధారం చందమామ ఉద్యోగమే. అయినా ఒక కాలంలో వారపత్రికల్లో సీరియల్ వస్తే రచయితకు డబ్బు వచ్చేది, తర్వాత అది నవలగా అచ్చయితే ఇంకొంత, సినిమాగా తీస్తే మరికొంత. యద్దనపూడి సులోచనారాణి గారి నవలలకు పత్రికలు, పబ్లిషర్లు, నిర్మాతలు పోటీ పడ్డ రోజులు మన పెద్దవాళ్ళకు గుర్తే. ఇంట్లో ఉండే ఆడవాళ్ళు తమ పేరు మీద తాము సంపాదించుకున్న తొలి డబ్బు రాత వల్ల వచ్చిందే అన్న కుటుంబాలు కోస్తాలో, తెలంగాణలో ఎన్నో ఉన్నాయి. మనియార్డర్ తెచ్చిన పోస్ట్‌మ్యాన్ ముందు సంతకం పెట్టి డబ్బు లెక్కపెట్టుకున్న సంగతి మా పెద్దమ్మ ఎనభయ్యో ఏట కూడా గర్వంగా చెప్పేది. అది చిన్న మొత్తమే. ఆ డబ్బు వచ్చాక మాత్రం ఇంట్లో ఆమె రాసుకునే వేళకు విలువ వచ్చింది.

3. మా రచనలు మాకే తెలియకుండా చేతులు మారుతున్నాయి.

కథ పేపర్లో ఒక్కసారి అచ్చు వేసుకోవడానికి పంపుతాం. తర్వాత అదే కథ మీ వెబ్‌సైట్‌లో, మీ యాప్‌లో, మీ యూట్యూబ్ ఛానల్లో ఆడియోగా వస్తుంది, ముందూ వెనకా ప్రకటనలతో. కొన్నిసార్లు మీతో ఒప్పందం ఉందంటూ వేరే ఆడియో కంపెనీలో వినిపిస్తుంది. మాకు ఒక మాట చెప్పరు, రూపాయి ఇవ్వరు. అడిగితే హామీపత్రం చూపిస్తారు. హామీపత్రంలో మేం రాసింది కథ మాదేనని. మీకు ఇచ్చేశామని అందులో ఎక్కడుంది?

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచన మీద తొలి హక్కు రచయితదే. మీ దగ్గర జీతానికి పనిచేసేవారు రాసినదైతే లెక్క వేరు, మేం మీ ఉద్యోగులం కాదు. హక్కు మీకు బదలాయించాలంటే అది రాతపూర్వకంగా ఉండాలి, మా సంతకం ఉండాలి. ఏ రచన, ఏ హక్కు, ఎంతకాలం, ఏ ప్రాంతం వరకు, ఎంత డబ్బుకు అన్నది అందులో స్పష్టంగా ఉండాలని 19వ సెక్షన్ చెబుతోంది. కాలం రాయకపోతే ఐదేళ్ళే, ప్రాంతం రాయకపోతే మన దేశం వరకే. 2012లో వచ్చిన సవరణ ఇంకో అడుగు ముందుకేసింది. ఒప్పందం నాటికి లేని, లేదా వ్యాపారంగా వాడుకలో లేని మాధ్యమానికి ఆ ఒప్పందం వర్తించాలంటే దాని పేరు ప్రత్యేకంగా రాసి ఉండాలి. రచయిత చనిపోయాక కూడా 60 ఏళ్ళ దాకా ఈ హక్కు నిలుస్తుంది, అంటే మా పిల్లలకూ చెందుతుంది.

అదే 2012 సవరణతో సినిమా పాటలు రాసేవారికి ఒక పెద్ద మేలు జరిగింది. సినిమా హాల్లో కాక మరెక్కడ పాట వాడుకున్నా రాయల్టీలో వాటా అడిగే హక్కు వారికి దక్కింది. హిందీ సినిమా పాటల రచయిత జావేద్ అఖ్తర్ గారు రాజ్యసభలో నిలబడి దానికోసం గట్టిగా మాట్లాడారు. అంతకుముందు పాట రాసి ఇచ్చేస్తే అక్కడితో చెల్లు. కథ రాసేవారి తరఫున అలా మాట్లాడేవారు ఇంకా రాలేదు, అందుకే మేమే మాట్లాడుతున్నాం.

4. అడగకుండా కోసేస్తున్నారు.

సంపాదకుడు దిద్దడం వేరు, మంచి సంపాదకుడి చేతిలో కథ బాగుపడిన అనుభవం నాకే ఉంది. నేను చెప్పేది ఆఖరి నిమిషంలో ప్రకటన వచ్చిందని చివరి పేరా తీసేయడం గురించి. అనంతపురం జిల్లాకు చెందిన ఒక మిత్రుడి కథలో బోరు ఎండిపోయిన రైతు ఊరొదిలి బెంగుళూరు బస్సెక్కుతాడు, తర్వాత దారిలోనే దిగి వెనక్కి వస్తాడు. ఆ వెనక్కి రావడమే కథ. అచ్చులో అతను బస్సెక్కడంతో అయిపోయింది. కింద ఒక షాపింగ్ మాల్ ఆఫర్. ఊళ్ళోవాళ్ళు "ఏందన్నా, ఊరిడిసిపెట్టి పొమ్మని రాసినావే" అని అడిగితే ఆయన ఒక్కొక్కరికీ సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. హక్కులన్నీ అమ్ముకున్నా సరే, రచయితగా తన పేరు నిలుపుకునే హక్కు, తన పేరుకు చెరుపు చేసేలా రచనను మారిస్తే అడ్డుకునే హక్కు రచయిత దగ్గరే ఉంటాయని అదే చట్టంలో 57వ సెక్షన్ ఉంది. మీ డెస్కులో పనిచేసేవారికి ఒకసారి చదివి వినిపించండి.

5. పోటీల పేరుతో కథలు పోగేస్తున్నారు.

ఉగాదికి, సంక్రాంతికి కథల పోటీలు పెడుతున్నారు, సంతోషం. బహుమతులు ముగ్గురికో నలుగురికో వస్తాయి. "సాధారణ ప్రచురణకు స్వీకరించిన కథలకు పారితోషికం ఉండదు" అని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. అలా తీసుకున్న కథలతో కొన్ని పత్రికలు ఏడాదంతా పేజీలు నింపుకుంటున్నాయి. బహుమతి రాని కథ రచయితకు తిరిగి వచ్చినట్టా, మీ దగ్గరే ఉన్నట్టా? ఎవరూ చెప్పరు. ప్రకటించిన బహుమతి సొమ్ము అందడానికి కూడా ఫోన్లు చేయాల్సి వస్తోందంటే ఏమనాలి.

ఇక పాఠకుల సంగతి. డబ్బు రాకపోతే రాయడం మానేసేది ఎవరు? ఇంకో ఆదాయం ఉన్నవారు మానరు. కూలికెళ్ళేవారు, ఆటో నడిపేవారు, గెస్ట్ లెక్చరర్లు, అంగన్‌వాడీ టీచర్లు, ఇంటి పనంతా అయ్యాక రాత్రి పదింటికి కాగితం ముందు కూర్చునే ఆడవాళ్ళు, వీళ్ళే ముందు ఆగిపోతారు. వాళ్ళతోపాటు వాళ్ళ బతుకులూ కథల్లోంచి పోతాయి. పాలమూరు మాట, మన్యం మాట, కుప్పం యాస అచ్చులో కనపడవు. మిగిలేవి అపార్ట్‌మెంట్లు, వృద్ధాశ్రమాలు, విదేశాల నుంచి కొడుకు చేసే వీడియో కాల్ కథలు. అవి రాయకూడదని నేను అనడం లేదు. వారం తర్వాత వారం అవే వస్తుంటే పాఠకుడు ఆ పేజీ తిప్పేస్తాడు. పాఠకులు తగ్గారని ఆ పేజీ కూడా తీసేస్తారు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో మొదలుపెట్టిన కథల లైబ్రరీ కథానిలయానికి వెళ్ళి పాత వారపత్రికలు తిరగేయండి. ఎన్ని ఊళ్ళ మాటలు, ఎన్ని రకాల పనివాళ్ళు ఆ కథల్లో ఉన్నారో మీరే చూడొచ్చు. ఆ పత్రికలేవీ ధర్మసత్రాలు కావు, వ్యాపారం చేస్తూనే రచయితలకు డబ్బిచ్చాయి.

బొమ్మలు వేసే చిత్రకారులదీ ఇదే గతి. కంప్యూటర్ తయారుచేసిన బొమ్మ వచ్చాక వారిని పిలవడమే మానేశారు. వారి మాట వారే చెప్పుకుంటారు గానీ, మేం వారి పక్కనే ఉన్నామని ఇక్కడ చెప్తున్నాను.

మేం అడుగుతున్నవి ఇవి:

1. రచన అందగానే అందినట్టు ఒక లైను ఈమెయిల్ పంపండి. 60 రోజుల్లో తీసుకున్నారో లేదో చెప్పండి. ఆ గడువు దాటితే రచన మీ పరిశీలనలో లేనట్టే అని, రచయిత మరోచోటికి పంపుకోవచ్చని మీ నిబంధనల్లోనే రాయండి.

2. కథకు ఎంత, కవితకు ఎంత, వ్యాసానికి ఎంత ఇస్తారో పత్రికలో బహిరంగంగా ప్రకటించండి. ఇవ్వలేని చిన్న పత్రికలు ఇవ్వలేమని ముందే చెప్పండి. చాలా సాహిత్య పత్రికలు సంపాదకుల సొంత జేబు డబ్బుతో నడుస్తున్నాయని మాకు తెలుసు, వాటికి మేం ఇష్టంగానే రాస్తాం. ప్రకటనలతో ఆదాయం వచ్చే పత్రికలకు ఈ మినహాయింపు లేదు.

3. అచ్చయిన 30 రోజుల్లో డబ్బు రచయిత ఖాతాలో పడాలి. దీనికి ఫలానా వారు బాధ్యులని పేరు, ఫోన్ నంబరు ఇవ్వండి. ఒక కాపీ, కనీసం ఆ పేజీ పీడీఎఫ్ పంపండి.

4. హామీపత్రంతోపాటు మీరు కూడా ఒక పేజీ ఒప్పందం ఇవ్వండి. ఒక్కసారి అచ్చుకు మాత్రమే అని అందులో ఉండాలి. ఆడియో, యాప్, వీడియో, అనువాదం, సంకలనం దేనికదే విడిగా అడగాలి, విడిగా చెల్లించాలి. అడగకుండా ఇప్పటికే పెట్టిన ఆడియోలకు రచయితలతో మాట్లాడి లెక్క తేల్చండి, ఒప్పుకోనివారి కథలు తీసేయండి.

5. ఒక వాక్యానికి మించి తీసేయాల్సి వస్తే ఫోన్ చేయండి. ఫోన్ నంబరు ప్రతి కథ కింద మేమే రాసి పంపుతున్నాం.

6. పోటీ కథల్లో ప్రచురణకు తీసుకున్న ప్రతి కథకూ మామూలు పారితోషికం ఇవ్వండి. మిగతావాటి మీద పత్రికకు ఏ హక్కూ లేదని ఫలితాలతోపాటే ప్రకటించండి.

రచయితల సంఘాలకూ ఒక మాట. సన్మానాలకు, సభలకు పెట్టే శ్రమలో కొంత ఈ ఒప్పందం నమూనా తయారుచేయడానికి పెట్టండి. కాపీరైట్ తెలిసిన ఒక న్యాయవాదిని కూర్చోబెట్టుకుంటే ఇది పెద్ద పని కాదు. ఆ నమూనా వస్తే కొత్తగా రాసేవారు ఎవరినీ బతిమాలుకోకుండా దాన్ని జతచేసి పంపుకుంటారు.

ఈ లేఖ ప్రతిని మీ కార్యాలయాలకు స్పీడ్ పోస్టులో కూడా పంపుతున్నాం. వచ్చే ఉగాదిలోపు మీ జవాబు రాతపూర్వకంగా కావాలి. ఉగాది తర్వాత ఏ పత్రిక వేటికి ఒప్పుకుందో, ఏ పత్రిక జవాబివ్వలేదో జాబితా రాసి పాఠకులకు ఇస్తాం, కొత్త రచయితలకు పంపుతాం. జవాబివ్వని పత్రికలకు రచనలు పంపవద్దని మాలో చాలామందిమి ఇప్పటికే నిర్ణయించుకున్నాం.

ఇట్లు,
తోటి రచయితల తరఫున,
ఖమ్మం నుంచి ఒక కథారచయిత్రి